అత్తయ్య టీవీలో ఏడ్చిన వారం

మా అత్తయ్యకి టీవీ పోటీలన్నిటి మీదా అభిప్రాయాలుండేవి. నేను కాపురానికి బందరు వచ్చేసరికి ఏ ఛానెల్ పెట్టినా పాటల పోటీయో, డాన్సు పోటీయో, ఆడవాళ్ళతో ఆటలాడించి చీరలిచ్చే ప్రోగ్రామో వస్తుండేది. ఆవిడ దేన్నీ వదిలేవారు కాదు. చూస్తున్నంతసేపూ నోరు విప్పేవారూ కాదు. తీర్పులన్నీ ఆదివారం పొద్దున, చేపలావిడ వచ్చాకే.

ఆమె గిలకలదిండి నుంచి గంపతో వచ్చేది. ఇంచుమించు అత్తయ్య వయసే. వాళ్ళింట్లోనూ టీవీ ఉంది. వసారాలో కత్తిపీట వేసుకుని ఆమె చేపలు కోస్తుంటే, అత్తయ్య ఎదురుగా పీట మీద కూర్చునేవారు. నేను నీళ్ళు అందించేదాన్ని.

"ఆ చిన్నపిల్ల బాగా పాడింది కదక్కా," అనేది ఆమె.

"పాటకేం, బాగానే ఉంది. అంత పిల్లని నిలబెట్టి పెద్దోళ్ళు తప్పులు చెప్తుంటే, వాళ్ళమ్మ నవ్వుకుంటా కూర్చుంది. ముందు ఆవిడకి వెయ్యాలి మార్కులు."

డాన్సు పోటీలో ఒక కుర్రాడు మోకాలికి కట్టుతో ఎగిరాడు. జడ్జి లేచి నిలబడి చప్పట్లు కొట్టాడు. "లేచినవాడు లేచినట్టే ఆస్పత్రికి తీసుకెళ్ళచ్చుగా," అన్నారు అత్తయ్య. మొగుడూ పెళ్ళాల తగువులు తీర్చే ప్రోగ్రాము మీద ఆవిడకి నమ్మకం లేదు. "ఇద్దరూ ఒకే బస్సులో హైదరాబాదు వెళ్ళారంట. అంతసేపు పక్కపక్కన కూర్చోగలిగినోళ్ళకి తగువేంటి?"

ఎలిమినేట్ అయ్యి ఏడ్చేవాళ్ళని క్షమించేవారు. స్టేజీ మీద యాంకర్ అడగ్గానే కష్టాలు చెప్పి ఏడ్చి, పట్టుచీర పట్టుకెళ్ళేవాళ్ళని మాత్రం క్షమించేవారు కాదు.

అలాంటిది, ఆడవాళ్ళ ప్రోగ్రాము షూటింగు మా ఊరి కల్యాణ మండపంలోనే అని కేబుల్‌లో వచ్చింది. అత్తయ్య ఇనప్పెట్టెలోంచి పట్టుచీర తీశారు. చేపలావిడ ఆ రోజు గంప ఎత్తలేదు. ముగ్గురం ఒకే రిక్షాలో వెళ్ళాం.

లోపల లైట్ల వేడికి ఫ్యాన్లు తిరుగుతున్నట్టే లేదు. చప్పట్లు కొట్టడం, నవ్వడం, ఆశ్చర్యపోవడం ముందే మాతో చేయించి కెమెరాలో పట్టుకున్నారు. ఎందుకు ఆశ్చర్యపోవాలో చెప్పలేదు. తర్వాత చెంచాతో సీసాలోకి నీళ్ళు నింపే ఆటకి అత్తయ్యని పిలిచారు. ఆవిడ రెండో స్థానంలో వచ్చారు. యాంకర్ అమ్మాయి ఆవిడ భుజం మీద చెయ్యి వేసి మైకు పెట్టింది.

"అమ్మా, మీవారు మీకెప్పుడైనా ఐ లవ్యూ చెప్పారా?"

"లేదండీ."

"మరి మీరు?"

"అవసరం రాలేదండీ."

జనం నవ్వారు. యాంకర్ గొంతు మెత్తబడింది. "మీ జీవితంలో మర్చిపోలేని బాధ ఏదైనా మాతో పంచుకుంటారా?"

అత్తయ్య కొంగు సర్దుకున్నారు. "పోయినేడు కుక్కరు పేలిందండీ. పప్పంతా కప్పుకంటుకుంది," అన్నారు.

చేతిలో ఒక హాట్ బాక్స్ పెట్టి కిందికి పంపేశారు. వస్తూ వస్తూ కొంగుతో మొహం తుడుచుకున్నారు.

ప్రోగ్రాము వేసిన రోజు వీధిలో సగం మంది మా ముందుగదిలోనే ఉన్నారు. ఐ లవ్యూ లేదు, కుక్కరూ లేదు. మర్చిపోలేని బాధ ఏమిటన్న ప్రశ్న ఒక్కటే ఉంది. దాని వెంటనే అత్తయ్య కొంగుతో మొహం తుడుచుకుంటున్నారు. వెనక వీణ మోగుతోంది. ఆ తర్వాత, మాతో ముందే కొట్టించిన చప్పట్లు.

పక్కింటావిడ వెళ్తూ వెళ్తూ అత్తయ్య చెయ్యి నొక్కి వెళ్ళింది.

"బాగానే ఏడ్చావే," అన్నారు మావయ్య.

"చెమటండీ అది."

"నాకు చెప్తావేంటి, వాళ్ళకి చెప్పు."

ఆ వారం బజారుకెళ్తే కొట్టువాళ్ళు కూడా ఆవిడతో నెమ్మదిగా మాట్లాడారు. ఆవిడ బజారుకి వెళ్ళడం మానేసి నన్ను పంపారు.

ఆదివారం చేపలావిడ వచ్చింది. కోస్తూ కోస్తూ, తలెత్తకుండానే అడిగింది. "ఆ పిల్ల అడిగితే కుక్కరు సంగతి చెప్పావేంటక్కా? నీ చెల్లెలి సంగతి చెప్తావనుకున్నా."

అత్తయ్యకి చెల్లెలుందని నాకు తెలియదు. అత్తయ్యది దివిసీమ అని మాత్రం తెలుసు.

"చెప్తే ఏడుపొచ్చేది," అన్నారు అత్తయ్య. "ఏడిస్తే పట్టుచీర ఇచ్చేవాళ్ళు. ఉప్పెనలో పోయినదాని పేరు చెప్పి తెచ్చుకున్న చీర నేనెట్టా కట్టుకునేది?"

"ఇప్పుడు ఊరంతా ఏడ్చావనే అనుకుంటందిగా."

"అనుకోనీ. హాట్ బాక్సేగా ఇచ్చింది."

చేపలావిడ నవ్వింది. అత్తయ్య నవ్వలేదు గానీ, కోపం తగ్గినట్టు కాళ్ళు చాపుకున్నారు. అప్పుడు నా వైపు చూసి, ఎవరో అడిగినట్టుగా చెప్పారు. ఆ చెల్లెలు తనకన్నా పొడుగంట. జడ వెయ్యాలంటే దాన్ని కింద కూర్చోబెట్టాల్సి వచ్చేదట. కూర్చున్నది కుదురుగా ఉండేది కాదట.

"పేరేంటి అత్తయ్యా?" అన్నాను.

చెప్పారు. చేపలు కడిగిన నీళ్ళు కొబ్బరిచెట్టు మొదట్లో పోసి రమ్మన్నారు.