ఎడారి పిట్టను గుర్తుపట్టిన ఆంటీ

పక్కింటి ఆంటీ పోయారని సోమవారం పొద్దున వాళ్ళమ్మాయి ఫోన్ చేసి చెప్పింది. నిద్రలోనే పోయారట.

కెనడాలోని గ్వెల్ఫ్‌లో మా రెండిళ్ళకూ మధ్య ఒక చెక్క కంచె. కూతురి దగ్గరికి రాకముందు ఆంటీ పదిహేనేళ్ళు అమెరికాలో, ఎడారి ప్రాంతమైన అరిజోనాలో, ఒక స్కూలు క్యాంటీన్లో వంట చేశారు. మాట తక్కువ. దేన్నైనా చూడాలనిపిస్తే మాత్రం చేతిలో పని పక్కన పెట్టి మరీ చూసేవారు.

కిందటేడు నవంబరులో, హమ్మింగ్‌బర్డులన్నీ దక్షిణానికి వెళ్ళిపోయాక, మా పెరట్లో వేలాడదీసిన పంచదార నీళ్ళ డబ్బా దగ్గరికి ఒకటి వచ్చింది. బొటనవేలంత పిట్ట. ఇక్కడి ఎర్రగొంతు పిట్టే వెనకబడిపోయిందనుకున్నాను. ఆంటీ కంచె మీద మోచేతులాన్చి అరగంట చూశారు.

"ఇది ఇక్కడిది కాదు పాపా. కూర్చున్నప్పుడు చూడు, రెక్కలు తోకను దాటేస్తాయి. గొంతు పక్కన ఆ ఊదా ఈకలు చూడు. ఎడారి పిట్ట. కోస్టాస్ అంటారు. అరిజోనాలో మా పెరట్లో రోజూ చూసేదాన్ని."

ఊళ్ళో పక్షుల్ని ఫొటోలు తీసే ఒకాయనకు చెబితే నమ్మలేదు.

"ప్రతిసారీ అదే కొమ్మ చివరికొచ్చి కూర్చుంటుంది. వచ్చి చూసుకోమను" అన్నారు ఆంటీ.

ఆయన వచ్చారు. చూశారు. టోపీ తీసి, "మీరే కరెక్ట్" అన్నారు.

అప్పటినుంచి రోజూ తెల్లవారకముందే ఆంటీ వచ్చి, గడ్డకట్టిన నీళ్ళు తీసేసి కొత్తవి పోసేవారు. మోకాళ్ళ నొప్పులున్నా మానలేదు.

ఒక పొద్దున చలి విపరీతం. పిట్ట కొమ్మ మీద ఈకలు ఉబ్బించుకుని, కళ్ళు మూసుకుని, కదలకుండా ఉంది. నాకు ఏడుపొచ్చింది. లోపలికి తీసుకెళ్దామని చెయ్యి చాచబోతే ఆంటీ నా మణికట్టు పట్టుకున్నారు.

"ముట్టుకోవద్దు. చావలేదది. చలికి ఒళ్ళు చల్లబరుచుకుని పడుకుంటాయివి. ఎండ రానీ."

ఆఫీసు మీటింగ్ మానేసి ఆమె పక్కనే నిలబడ్డాను. గంట దాటాక కొమ్మ మీద ఎండ పడింది. పిట్ట ఒళ్ళు వణికింది. కన్ను తెరిచింది. లేచి తిన్నగా నీళ్ళ దగ్గరికి వెళ్ళింది. "చూశావా!" అని ఆంటీ చిన్నపిల్లలా నవ్వారు.

వారం తర్వాత అది రాలేదు. ఆ మర్నాడూ రాలేదు.

"బతుకుతుందా ఆంటీ?"

"తెలీదు పాపా."

తెలియనిదాన్ని తెలియదని చెప్పి, మనిషి పక్కన నిలబడడం నేను ఆమె దగ్గరే నేర్చుకున్నాను. ఆ మధ్యాహ్నం ఆమె దక్షిణం వైపు తిరిగి, కళ్ళకు చెయ్యి అడ్డం పెట్టుకుని, పెరట్లో చాలాసేపు నిలబడ్డారు. శాలువా మీద మంచు రాలుతూనే ఉంది.