కుక్కపిల్లకు కొలిచి చేసిన పెట్టె

మా నాన్న ఓడరేవులో సరుకు కట్టే పని చేసేవాడు. ఓడ కడుపులో పెట్టెలూ పీపాలూ పేర్చాక, దారిలో అవి అటూ ఇటూ దొర్లకుండా సందుల్లో చెక్కముక్కలు దిగగొట్టి, పైన ఇనప తాళ్ళు బిగించడం ఆయన పని. సముద్రం ఎంత ఊగినా నాన్న కట్టిన సరుకు కదలదని రేవులో పేరు. ఆ పేరు ఆయన తలకెక్కిందని అమ్మ అనేది. ఇంట్లో ఉప్పు జాడీ గూట్లో కాస్త వదులుగా ఉన్నా ఊరుకునేవాడు కాదు, పక్కన అట్టముక్క మడిచి దోపేవాడు. "కదిలిందంటే పగులుద్ది," అనేవాడు. మేము కోనసీమ నుంచి వచ్చి విశాఖపట్నం పాత ఊళ్ళో, ఓ పెంకుటింటి వెనక వాటాలో అద్దెకుండేవాళ్ళం. ఎనభైల మొదట్లో మాట ఇది. నేను చిన్న బళ్ళో చదువుతున్నాను.

నాన్నకి కుక్కలంటే ప్రాణం. రేవులో ఓ షెడ్డు కింద ఈనిన కుక్క పిల్లల్లోంచి నల్లదాన్ని చొక్కాలో పెట్టుకుని తెచ్చాడు. అది పట్టుమని నెల కూడా బతకలేదు. పొద్దున్నే నాన్న రేవుకి, అమ్మ రొయ్యల కంపెనీకి, నేను బడికి పోతే ఇంట్లో ఎవరూ ఉండరు. ఓ రోజు అది గోడ కింద కంతలోంచి రోడ్డెక్కి ఖనిజం లారీ కింద పడింది. నాన్న దాన్ని సిమెంటు సంచిలో ఎత్తుకొచ్చి పెరట్లో పాతిపెట్టాడు. ఆ పూట అన్నం ముట్టలేదు. నేను ఏడ్చి ఏడ్చి జ్వరం తెచ్చుకున్నాను.

అదే తల్లి మళ్ళీ ఈనినప్పుడు రెండోది వచ్చింది. గోధుమరంగుది, ఒక చెవి నిలబడి ఒక చెవి వాలి ఉండేది. "దీన్ని మటుకు పోనివ్వనమ్మలూ," అని నాన్న నా నెత్తి మీద చెయ్యి పెట్టి చెప్పాడు. పేరు మాత్రం అమ్మ పెట్టనివ్వలేదు. పేరంటూ పెడితే పోయాక కూడా పిలవబుద్ధేస్తుంది అంది. దాంతో అది చివరిదాకా కుక్కపిల్లే.

ఓడల్లో వాడి పారేసిన చెక్కలు తెచ్చి, ఓ ఆదివారం నాన్న పెట్టె మొదలుపెట్టాడు. కుక్కపిల్లని అరుగు మీద నిలబెట్టి ముక్కు నుంచి తోక దాకా, కాళ్ళ నుంచి వీపు దాకా తాడుతో కొలిచాడు. పక్క వాటాలో, చుట్టం కాకపోయినా నేను మామయ్య అని పిలిచే ఆయన ఉండేవాడు. రేవులోనే ఖలాసీగా చేసి, కాలు విరిగి ఇంటిపట్టున ఉన్న మనిషి. ఆయన గోడకి చేరబడి నవ్వాడు.

"ఏటి బావా, కుక్కకి సొక్కా కుట్టిత్తన్నావేటి?"

"చొక్కా కాదు బావా, ఇల్లు."

"ఇల్లెందుకు? నాను ఇంటికాడే పడుంతాను కదా, నా కాడ ఒగ్గీ. సూత్తాను."

"నీ గుమ్మం రోడ్డు మీదకుంది. నువ్వు కునుకు తీస్తే మళ్ళీ లారీ కిందకే."

మామయ్య మొహం చిన్నబుచ్చుకున్నాడు. మళ్ళీ ఆ ఊసెత్తలేదు.

పెట్టె తయారయింది. చుట్టూ గాలి ఆడేట్టు చెక్కబద్దలు, ముందు ఓ తలుపు, గడియ, గడియలో దూర్చే ఇనప చీల. ఎక్కడా మేకు మొన పైకి లేదు, ముల్లు గుచ్చుకోకుండా లోపలంతా నున్నగా చిత్రిక పట్టాడు. అది చూసి నేను గంతులేశాను. కానీ కుక్కపిల్ల లోపలికి వెళ్తే చుట్టూ బెత్తెడు ఖాళీ లేదు. నిలబడగలదు, ముడుచుకుని పడుకోగలదు, వెనక్కి తిరగలేదు. ఆ పెట్టెని వంటింటి సిమెంటు గట్టుకీ గోడకీ మధ్య తోసి, సందుల్లో చెక్కముక్కలు పెట్టి సుత్తితో దిగగొట్టాడు.

"అదేంటండీ, ప్రాణమున్నది కదా, ఒళ్ళు తిప్పుకోవద్దా?" అంది అమ్మ.

"తిప్పుకుంటే గింజుకుంటది. గింజుకుంటే బద్దల్లో కాలిరుక్కుని విరుగుద్ది. నాకు తెలుసులే."

ఇప్పుడు ద్వారకా నగర్‌లో కుక్కల సామాను అమ్మే షాపుకెళ్తే, ఇనప ఊచల పెట్టెలు వరసగా పెట్టి పాఠం చెబుతారు. కుక్క లోపల గుండ్రంగా తిరగాలట, కాళ్ళు బారచాపుకోవాలట, కొన్నాళ్ళు తలుపు తెరిచే ఉంచాలట, ఎక్కువసేపు మూసి ఉంచకూడదట. వింటుంటే నాకు ఒళ్ళు మండుతుంది. ఇందులో సగం మా అమ్మ మొదటి రోజే అడిగింది.

మొదట్లో అది గుక్కపట్టి ఏడ్చేది. వీధి చివర మలుపు తిరిగేదాకా నాకు వినపడేది. చెవులు మూసుకుని నడిచేదాన్ని. సరుకు కూడా మొదట కిర్రుమంటుందనీ, సర్దుకున్నాక చప్పుడుండదనీ నాన్న చెప్పాడు. అన్నట్టే కొన్నాళ్ళకి ఏడుపు ఆగిపోయింది. నాన్న సంబరం చూడాలి! రేవులో అందరికీ చెప్పుకున్నాడు. సాయంత్రం వచ్చి చీల తీసి, ఒళ్ళో వేసుకుని, తన కంచంలో ముద్ద దానికి పెట్టేవాడు. ఆయనకి దాని మీద ప్రేమ లేదని ఎవరైనా అంటే ఈ రోజుకీ నేను పోట్లాడతాను.

కుక్కపిల్ల పెరిగింది. పెట్టె పెరగలేదు. పై చెక్క ఒరుసుకుని దాని వీపు మీద బొచ్చు ఊడి, చర్మం నల్లబడింది. బయటికి వదిలినా నడుం వంచే నడిచేది. బంతి విసిరితే బంతి వంక చూసి, నా వంక చూసి, ఉన్నచోటే కూర్చునేది. పెద్ద పెట్టె చెయ్యమని అమ్మ ఎన్నిసార్లు అడిగిందో. "ఈ ఓడ పోనీ, చేద్దాం," అనేవాడు నాన్న. ఓడ పోయేది, ఇంకోటి వచ్చేది. అమ్మ అడగడం మానేసింది.

ఆ రోజుల్లోనే ఇంకో సంగతి గమనించాను. సాయంత్రం నేను బడి నుంచి వచ్చేసరికి గుమ్మం లోపల ఎండుచేప ముక్క ఒకటి పడి ఉండేది, దానికి చీమలు బారులు తీరి ఉండేవి. ఎక్కడిదని అడిగితే, అప్పుడే పని నుంచి వచ్చిన అమ్మ చీపురు తెచ్చి ఊడ్చేసేది. ఎలకలకి పెడుతుందేమో అనుకున్నాను.

వానాకాలం చివర్లో తుపాను పట్టింది. మామయ్య అంతకు ముందే సింహాచలంలో కూతురింటికి వెళ్ళాడు. పొద్దున సన్నటి జల్లే కదా అని మేమంతా ఎవరి పనులకి వాళ్ళం పోయాం. మధ్యాహ్నానికి ఆకాశం కూలినట్టు కురిసింది. రేవులో తుపాను జెండా ఎత్తారు. జెండా ఎత్తితే ఓడలన్నీ బయటికి పోవాలి, పోయే ముందు వాటిలో సరుకంతా మళ్ళీ బిగించాలి, సరుకు కట్టేవాళ్ళని కదలనివ్వరు. మమ్మల్ని బడి మిద్దె మీద కూర్చోబెట్టారు. కిటికీలోంచి చూస్తే కింద వీధి కాలవలా పారుతోంది. నాకు ఎంతసేపూ వంటింట్లో ఆ మూలే కళ్ళ ముందు. ఏడుస్తుంటే పంతులమ్మ అమ్మ కోసమనుకుని ఓదార్చింది.

నాన్న వచ్చేసరికి బాగా పొద్దువాలింది. నన్ను భుజాల మీదకెత్తుకుని నీళ్ళలో నడిచాడు. "పెట్టె గట్టిదే. చెక్కపెట్టె కదమ్మలూ, నీళ్ళొస్తే తేలుద్ది," అన్నాడు. కాస్త దూరం పోయాక ఆగాడు. తను దిగగొట్టిన చెక్కముక్కలు గుర్తొచ్చాయనుకుంటాను. తరవాత పరుగు లాంటి నడక నడిచాడు.

తాళం తీస్తే ఇంట్లో నాన్న మోకాలి పైదాకా నీళ్ళు. గిన్నెలు తేలుతున్నాయి, నా పలక తేలుతోంది. పెట్టె మాత్రం అంగుళం కదల్లేదు, నీళ్ళ కింద ఉంది. నాన్న వంగి చీల కోసం చెయ్యి పెట్టి తడిమాడు. చీల లేదు. తలుపు దానంతటదే నీళ్ళకి అటూ ఇటూ ఊగుతోంది. నాన్న చెయ్యి లోపలికి పోనిచ్చి దాన్ని బయటికి తీశాడు. గట్టు మీద పడుకోబెట్టాడు. గట్టు మీద చుక్క నీరు లేదు, పొయ్యిలో బూడిద కూడా పొడిగా ఉంది. ఎక్కి కూర్చుని ఉంటే బతికేది.

అప్పుడే అమ్మ వచ్చింది, తల నుంచి నీళ్ళు కారుతూ.

"చీల ఎవరు తీశారు?" అన్నాడు నాన్న. ఆయన గొంతు నాకు కొత్తగా ఉంది.

"నేనే," అంది అమ్మ గట్టు వంక చూస్తూ. "రోజూ తీసి, మీరొచ్చేలోపు మళ్ళీ పెట్టేదాన్నండీ. మీరు డ్యూటీకీ, అమ్మలు బడికీ వెళ్ళగానే పెట్టె తలుపు తెరిచి, గుమ్మం కాడ ఎండుచేప ముక్క పెట్టి పోయేదాన్ని. చేప వాసనకైనా బయటికి వస్తుందేమోనని. ఒక్కనాడూ రాలేదు."

నాన్న ఆ నీళ్ళలోనే కూలబడ్డాడు. దాని వాలిన చెవిని వేళ్ళతో నిలబెడుతూ ఉండిపోయాడు. ఆయన ఏడవడం నేను చూడడం అదే మొదటిసారి.

నీళ్ళు తీశాక పెట్టె పీకడానికి సుత్తి తెచ్చాడు. చెక్కలు నాని ఉబ్బి ఇంకా బిగుసుకున్నాయి. కొడుతూనే ఉన్నాడు, అది గోడ వదల్లేదు. అంత గట్టిగా కట్టాడు మా నాన్న.