గడప దాటని డాక్టరు

ఉజ్బెకిస్తాన్‌లోని మా మర్గిలాన్‌లో మమారసూల్ డాక్టరుగారు పిల్లల్ని ముట్టుకోరు. గడప అవతల నిలబడి ఒక్క చూపు చూస్తారు, రోగం పేరు చెబుతారు, వెళ్ళిపోతారు. ఉద్యోగమంతా కామెర్ల వార్డులో చేసిన మనిషి. ఆయన లెక్కలో పిల్లలు రెండే రకాలు: కామెర్లు వచ్చినవాళ్ళు, రాబోయేవాళ్ళు. మా అబ్బాయినీ గడప అవతలినుంచే చూసి కామెర్లని చెప్పారు. ఆ మాట నిజమైంది, వాడు దక్కలేదు. ఆయన పేరు మాత్రం ఊరంతా పాకింది.

ఆ ఏడు పంటలయ్యాక వరసగా పెళ్ళిళ్ళు. పెళ్ళి పలావుకు ముందురోజు ఆడవాళ్ళమంతా కూర్చుని గంపలకొద్దీ మా ఊరి పసుపు క్యారెట్లు తరుగుతాం. పక్కింటి జెబినిసో తన పాలుతాగే పిల్ల ఓయ్దిన్‌ను చంకనేసుకొచ్చేది. పళ్ళొస్తున్న పిల్ల కదా, ఏడిస్తే చేతికో క్యారెట్టు. ఇంట్లోనూ ఉడికించి అదే పెట్టేది.

చివరికి జెబినిసో ఆడపడుచు పెళ్ళే వచ్చింది. తరుగుతుండగా డాక్టరుగారు పలకరించడానికొచ్చి గడప దగ్గరే ఆగారు.

"అమ్మో, కామెర్లు! ఆ పిల్ల అరచేతులు చూడండి. ఇప్పుడే అంటురోగాల ఆస్పత్రికి పంపాలి. తల్లి వెంట వెళ్ళకూడదు."

జెబినిసో పిల్లను గుండెకు హత్తుకుంది. "నన్ను వదిలి క్షణం ఉండదండీ!"

ఆమె అత్త హదిచా తన రెండు అరచేతులూ చాపింది. "నావి ఇంకా పచ్చగా ఉన్నాయి, డాక్టరుగారూ. నన్నూ పంపుతారా?"

మేమందరం చేతులెత్తాం. అన్నీ పసుపే. ఆయన ఒకడుగు వెనక్కి వేశారు.

"వీధంతా అంటుకుందన్నమాట! పెళ్ళి ఆపండి!"

"ఆపడమెందుకు? పలావు మీ ఆస్పత్రిలోనే వడ్డిద్దాం" అంది హదిచా.

అందరూ నవ్వారు. జెబినిసో ఒక్కతే ఏడుస్తోంది. నేను కత్తి పక్కన పెట్టి లేచాను.

"మావాణ్ణి చూసినప్పుడు లోపలికి రాలేదు మీరు. ఇవాళ రండి. ఈ పిల్లనైనా దగ్గరగా చూడండి."

ఆయన బూట్లు విప్పి గడప దాటారు. పిల్లను కిటికీ వెలుతురుకు తిప్పి, కనురెప్ప లాగి చూశారు. కన్ను మల్లెపువ్వులా తెల్లగా ఉంది. దగ్గరికి వస్తే ఆయన చూపు నిజంగా గొప్పదే, క్షణం పట్టలేదు.

"క్యారెట్లు తిని పచ్చబడింది. మానిపించండి, అదే పోతుంది" అన్నారు. అని, గొంతు సవరించుకున్నారు. "చూశారా? నా కన్ను ఎప్పుడూ తప్పదు."

ఎవరూ ఎదురు చెప్పలేదు. ఓయ్దిన్ తల్లి ఒళ్ళోనే ఉండిపోయింది కదా, మాకది చాలు.