ఒడ్డు కనిపిస్తున్నా రాలేకపోయాను, స్టీఫెన్ బావా

నిన్న పొద్దున అక్క ఫోన్ చేసింది.

"తమ్ముడూ, మీ బావ లెగనేదురా."

నిద్రలోనే గుండె ఆగిపోయిందట.

ఇంజిన్ రూమ్ బయట, నూనె చేతులతో అలాగే నిలబడిపోయాను. అక్క ఏడుపు వినిపిస్తోంది. 

మా ఓడ రేవులో బెర్త్ ఖాళీ కోసం వైజాగ్ బయట లంగరేసి ఉంది. డెక్ మీదకొస్తే యారాడ కొండ కనిపిస్తుంది. ఆ కొండ వెనకే కూర్మన్నపాలెం. అక్కడే మా అక్క మేరీ, బావ ఉండే రెండు గదుల ఇల్లు.

బయట వాయుగుండం. ఒడ్డుకి వెళ్లే బోట్లు ఆపేశారు. కెప్టెన్‌ని అడిగాను. మళ్లీ వెళ్లి అడిగాను. ఆయన నా భుజం మీద చెయ్యేసి, తల అడ్డంగా ఊపాడు.

నిన్నటి నుంచి రెయిలింగ్ పట్టుకుని మా ఊరి వైపు చూస్తూ ఉన్నాను. అంతే చేయగలిగింది.

బావ స్టీల్ ప్లాంట్‌లో క్రేన్ ఆపరేటర్. ప్రమోషన్ వచ్చినప్పుడు ఉక్కునగరంలో పెద్ద క్వార్టర్ ఇస్తామంటే వద్దన్నాడు.

"ఇల్లు పెరిగితే సామాను పెరుగుతాది. సామాను తుడుసుకుంటా కూకుంటే, దేవుడి కాడ కూకునీదెప్పుడు?"

ఏదైనా కొనాలనిపిస్తే ఆదివారం దాకా ఆగేవాడు. చర్చి నుంచి వచ్చాక కూడా కావాలనిపిస్తేనే కొనేవాడు. చాలాసార్లు అనిపించేది కాదు.

అందరికీ తెలిసిన బావ ఇంతవరకే. తెలియనిది ఒకటి చెప్పాలి.

ఒక ఎండాకాలం సెలవుకి వాళ్లింటికి వెళ్లాను. ఇంట్లో ఫ్రిజ్ లేదు. నాకోసం అక్క కష్టపడి వండిన చేపల పులుసు తెల్లారేసరికి పాడైపోయింది. గిన్నె సింకులో పడేసి, అక్క ఒక్కసారిగా ఏడ్చేసింది.

"సింపుల్‌గా బతుకుతానని దేవుడికి మాటిచ్చింది మీరు. నాను కాదు. మీ ప్రార్థనలో నన్నెందుకెట్టి తాళమేసినారు?"

బావ చెప్పులేసుకుని బయటికి వెళ్లిపోయాడు. కోపమొచ్చిందనుకున్నాను.

సాయంత్రం ట్రాలీ ఆటోలో ఫ్రిజ్‌తో దిగాడు. ఆ ఒక్కసారే ఆదివారం దాకా ఆగలేదు.

"తప్పు నాదే మేరీ. నాకు నానుగా వదులుకుంటే అది ప్రార్థన. నీ కాడ లాగీసుకుంటే పెత్తనం."

అక్క కళ్లు తుడుచుకుని ఫ్రిజ్ చుట్టూ తిరిగి చూసింది.

"రంగు బాగానేదు," అంది.

ముగ్గురం నవ్వాం.

ఆ తర్వాత కూడా బావ కుండలో నీళ్లే తాగాడు. అక్క తాగే చల్లటి నీళ్ల గురించి ఏనాడూ ఒక్క మాట అనలేదు.

ఇంకోసారి నేను గొప్పగా చెప్పాను. "బావా, ఓడలో నాకూ ఒక చిన్న గది, ఒక మంచం, ఒక బ్యాగే. నాను కూడా నీలాగే బతుకుతన్నాను."

నవ్వాడు.

"దిగిపోడానికి దారుంటే, అప్పుడు కూడా ఆ గదిలోనే ఉంటావేటిరా?"

 ఈ రెండు రోజులూ రెయిలింగ్ దగ్గర లేనప్పుడు ఆ గదిలోనే ఉన్నాను. మంచం, బ్యాగు, నాలుగు ఇనప గోడలు. బావ చిన్న ఇంట్లో ఊపిరాడేది. ఇక్కడ ఆడట్లేదు.

ఈ సాయంత్రం సమాధి చేశారు. అక్క వీడియో కాల్ పెట్టింది. బావ అడిగినట్టే మామూలు చెక్క పెట్టె. పాస్టర్ గారు ప్రార్థన మొదలుపెట్టారు. అంతలో సిగ్నల్ పోయింది. పెట్టె మీద అక్క చెయ్యి ఉన్నచోట బొమ్మ ఆగిపోయింది.

ఎన్నిసార్లు కలిపినా కలవలేదు.

చీకటి పడ్డాక తనే చేసింది.

"అయిపోనాదిరా. నీ బదులు పిడికెడు మట్టి నానే ఏసినాను."

అప్పుడు ఏడ్చాను. నిన్నటి నుంచి రాని ఏడుపు.

బావా, ఇక్కడి నుంచే నీకు సెలవు చెబుతున్నాను. నువ్వు ప్రేమించిన ప్రభువు దగ్గర నీకు నెమ్మది ఉండాలి. అక్కకి కూడా.