నవ్వు తగ్గించాల్సిన బాతు

చైనాలోని చెంగ్‌హాయ్‌లో షూజిన్‌ని అందరూ 'విరగ్గొట్టే అక్క' అంటారు. వీధికో బొమ్మల ఫ్యాక్టరీ ఉన్న ఊరది. తక్కినవాళ్లంతా బొమ్మలు చేసి బతుకుతుంటే ఆవిడ మాత్రం బొమ్మల్ని పీకి, విసిరి, తొక్కి బతుకుతుంది. భర్త వెన్‌ఖాయ్ మార్కెట్లో గొడ్డు మాంసాన్ని రెండు ఇనప కడ్డీలతో బాది, ఉండలు చేసి అమ్ముతాడు.

"మా ఇంట్లో ఇద్దరిదీ బాదే పనే. సాయంత్రానికి పోట్లాడుకోవడానికి ఓపిక ఉండదు" అంటుందావిడ.

ఈ పని ఆవిడ అడిగి తెచ్చుకున్నది కాదు. నాలుగో తరగతితో చదువు ఆపేసి, పద్దెనిమిదేళ్లు ఎలుగుబంటి బొమ్మలకి కళ్లు బిగించింది. ఒకరోజు జర్మనీ నుంచి సరుకు కొనే పెద్దమనిషి వచ్చాడు. అప్పటి యజమాని ఆయన్ని వరసల మధ్య తిప్పుతూ, "మా ఎలుగుబంటి కన్ను పీకే మొనగాడు పుట్టలేదు" అన్నాడు. దుబాసీ ఆ మాట అటు చెప్పేలోపే షూజిన్ పక్క వరసలోంచి ఒక ఎలుగుబంటిని అందుకుంది. "ఇదిగో, ఇది వస్తుంది" అని రెండు వేళ్లతో కన్ను ఊడబెరికి ఆ పెద్దమనిషి అరచేతిలో పెట్టింది.

యజమాని మొహంలో నెత్తురుచుక్క లేదు. వచ్చినాయన మాత్రం పడీపడీ నవ్వాడు. "ఈవిడ చేతిలో పీకుడుపడ్డ బొమ్మయితేనే నేను కొంటాను" అన్నాడు. మర్నాటికల్లా షూజిన్‌కి ఒక బల్ల వచ్చింది. దాని మీద లాగి చూసే త్రాసు, ఒక ఇనప పలక, పసిపిల్లల గొంతంత చిన్న గొట్టం. బొమ్మ నుంచి ఊడినది ఏదైనా ఆ గొట్టంలో పట్టిందంటే పిల్లల గొంతులోనూ పడుతుందని లెక్క. అలాంటి బొమ్మ ఊరు దాటకూడదు.

సీఈ అని రెండక్షరాల గుర్తు ఉంటుంది కదా, అది లేనిదే బొమ్మ యూరప్‌లో దిగదు. షూజిన్‌కి వచ్చిన ఇంగ్లీషంతా ఆ రెండక్షరాలే. వాటిని మాత్రం ఆవిడ క్షుణ్ణంగా నేర్చుకుంది. ఎత్తు అయిదు మిల్లీమీటర్లకి తగ్గకూడదు, రెండూ గుండ్రంలోంచి తెగిన ముక్కల్లా ఉండాలి, ఒకదాని మీదొకటి పడ్డట్టు ఇరుక్కోకూడదు. అట్టపెట్టెలు అచ్చువేసేవాడు ఒకసారి చోటు చాలక రెండక్షరాల్నీ దగ్గరికి నొక్కేస్తే, ఆవిడ వృత్తలేఖిని పట్టుకుని వాడి కొట్టుకే పోయింది. "కొత్తగా పెళ్లయినవాళ్లలా అంటుకున్నాయేంటయ్యా? కాస్త ఎడంగా కూచోబెట్టు" అని దగ్గరుండి మళ్లీ వేయించింది.

పెద్ద యజమాని పోయాక కొడుకు యావోజిన్ పగ్గాలు పట్టాడు. నిక్కర్ల వయసు నుంచీ ఎరిగినవాడు కాబట్టి ఆవిడ అతన్ని 'బాబూ' అనే పిలుస్తుంది. ఆ ఏడాది వసంతంలో, బొమ్మలకి నమూనాలు గీసే పెయ్‌చున్ అనే ఇరవయ్యారేళ్ల పిల్ల ఒక బాతు బొమ్మని గీసింది. పొట్ట నొక్కితే నవ్వుతుంది. మామూలు నవ్వు కాదు. ముందు కిచకిచమని మొదలెట్టి, ఆపుకోలేక, ఎగశ్వాసతో, మధ్యలో ఒక్క క్షణం ఆగి, అయిపోయిందనుకునేసరికి మళ్లీ బద్దలయ్యే నవ్వు. ఎవరిదని అడిగితే, పెళ్లి విందులో మా నాయనమ్మ నవ్వుతుంటే ఫోన్‌లో పట్టానని చెప్పింది.

హాలండ్ నుంచి ఒకే దెబ్బలో నలభై వేల బాతులకి ఆర్డరు వచ్చింది. షూజిన్ కళ్లు పీకింది, రాలేదు. రెక్కలు మెలిపెట్టింది, ఊడలేదు. ఇనప పలక మీద అయిదుసార్లు పడేసింది, పగల్లేదు. మూడు బాతుల్ని నగరంలోని పరీక్షల ల్యాబ్‌కి పంపారు.

వారానికి రిపోర్టు వచ్చింది. అన్నిట్లోనూ పాసు, ఒక్క నవ్వులో ఫెయిలు. చెవి దగ్గర పెట్టుకుంటే పిల్లలకి చేటు చేసేంత గట్టిగా నవ్వుతోందని రాశారు.

పెయ్‌చున్ బల్ల మీద తల పెట్టుకుని ఏడ్చింది. "మా నాయనమ్మ ఫెయిలయింది పిన్నీ!"

"ఊరుకోవే. మీ నాయనమ్మ పాసే, గొంతే కాస్త పెద్దది" అంది షూజిన్.

ఓడ పదకొండు రోజుల్లో బయల్దేరుతుంది. శబ్దం చిప్ మార్పించాలంటే ఇరవై రోజులు. యావోజిన్ తన గదిలో టీ పోస్తూ, ఆ ఊరి అలవాటు ప్రకారం బుల్లి కప్పులు మూడూ నింపి, గొంతు తగ్గించాడు.

"అక్కా, ఒక మాట. ల్యాబ్‌కి పంపే మూడింటి పొట్టల్లో దూది కుక్కుదాం. పాసవుతాయి. మిగతావి ఉన్నవి ఉన్నట్టు ఎక్కించేద్దాం. అక్కడ ఎవరు కొలవొచ్చారు?"

షూజిన్ టీ ముట్టుకోలేదు. "సీఈ గుర్తు వేసేది ఎవరు బాబూ?"

"ల్యాబ్ వాళ్లేగా."

"కాదు. ల్యాబ్ రిపోర్టు ఇస్తుందంతే. ఈ బొమ్మ మంచిదని పూచీ పడుతూ సంతకం పెట్టేది మీరు. కాగితం మీద ఉండేది మీ పేరు, మీ నాన్నగారి ఫ్యాక్టరీ పేరు. అబద్ధానికి చెయ్యి మీది. ఆ బాతుని చెవికానించుకుని పడుకునే పిల్లెవరో మీకు తెలీదు, నాకూ తెలీదు. మీరు దూది ఆట ఆడితే నేను నా పాత వరసలోకి పోయి కళ్లు బిగించుకుంటా."

యావోజిన్ చెవులు మిరపపండులా ఎర్రబడ్డాయి. "మా నాన్నకీ ఇలాగే చెప్పేదానివా?"

"ఆయనకి చెప్పక్కర్లేదు. ఆయన ఎదుటే కన్ను పీకి చూపించాగా."

అతను నవ్వేశాడు. "సరే తల్లీ. ఆ నవ్వు తగ్గించే దారేదో నువ్వే చూడు."

ఆ తరువాత మూడు రోజులు ఫ్యాక్టరీలో పని సాగిందనడం కష్టం. ఆవిడ బాతు ముక్కు కింద ఉన్న పన్నెండు చిల్లుల్నీ టేపుతో మూసింది. బావిలో పడ్డవాడు నవ్వినట్టు వినిపించింది. లోపల స్పాంజి పెట్టింది. జలుబు చేసిన మేక నవ్వినట్టుంది. ప్రతి ప్రయత్నానికీ వరసల్లో ఆడవాళ్లు పని ఆపి, పొట్టలు పట్టుకుని, ఒకరి భుజం మీదొకరు పడేవారు. తల్లీ, ఆపవే, నడుం పట్టేసింది అని రంగులేసే పెద్దావిడ కుర్చీలోంచి జారిపోయింది. అందరి నవ్వులో బాతు నవ్వెంతో తెలియక, కొలిచే మీటరు పట్టుకున్న పెయ్‌చున్ బేల మొహం పెట్టేది. చివరికి షూజిన్ బాతుని, మీటరుని, పెయ్‌చున్‌ని కలిపి బట్టల గోదాంలోకి తోలి తలుపేసింది.

నాలుగో రోజు పొద్దున, బాతుని తలకిందులుగా పట్టుకుని తోక వైపు చూస్తూ ఆవిడ ఉన్నట్టుండి, "పెయ్‌చున్, లోపల చోటెక్కడ ఎక్కువుంది?" అంది.

"వెనక, పిన్నీ. తోక దగ్గర ఖాళీయే."

"అయితే చిల్లులు అక్కడ పెట్టు. పన్నెండొద్దు, అయిదు చాలు. మధ్యలో పల్చటి ఊలుగుడ్డ బిళ్ల."

పెయ్‌చున్ నోరు తెరిచింది. "అంటే... బాతు... ముడ్డితో నవ్వుతుందా?"

"దేంతో నవ్వితేనేమే, నవ్వడం ముఖ్యం."

ముందు చేత్తోనే చిల్లులు పొడిచి చూశారు. నవ్వు తగ్గింది గాని చచ్చిపోలేదు. గదిలో నవ్వినట్టు కాక, పక్కింట్లో నవ్వుతున్నట్టుంది. యావోజిన్ మీటరు తీసుకుని ముక్కు ముందు పెట్టి, "అబ్బో, ఎంత తక్కువో!" అని గంతేశాడు. షూజిన్ అతని చెయ్యి పట్టుకుని మీటరుని తోక వైపుకి, పక్కలకి, నెత్తి మీదికి తిప్పింది. "ల్యాబ్‌లో అన్ని వైపులా పెట్టి, ఎటు ఎక్కువుంటే అదే రాస్తారు బాబూ. పిల్లలు దాన్ని ఎటు తిప్పి పట్టుకుంటారో మనం చెప్పగలమా?" అన్ని వైపులా పరిమితికి లోపే ఉంది. బాతుని పోసే అచ్చుని దిద్దే వర్క్‌షాపు రెండు వీధుల అవతలే. ఒక్క పగలులో మార్చి ఇచ్చారు.

ఈసారి ల్యాబ్‌కి షూజినే పెయ్‌చున్‌ని వెంటబెట్టుకుని బయల్దేరింది. కొత్త బాతులు మూడూ సంచిలో ఉన్నాయి. బస్సు గతుకులో పడ్డప్పుడల్లా ఒకటి పక్కదాని పొట్ట నొక్కేది. ముందు సీట్లో ముసలాయన మూడుసార్లు వెనక్కి తిరిగి చూసి, నాలుగోసారి, "ఏమమ్మా, నా బట్టతల చూస్తే అంత నవ్వొస్తోందా?" అని అడిగాడు. షూజిన్ సంచి తెరిచి చూపించింది. దిగేదాకా ఆయన ఒక బాతుని ఒళ్లో పెట్టుకుని కూచున్నాడు.

ల్యాబ్‌లో ఫాంగ్ అనే ఇంజనీరు వాళ్లని నిశ్శబ్దపు గదిలోకి తీసుకెళ్లాడు. సన్నగా, గంభీరంగా ఉండే మనిషి. బాతుని స్టాండు మీద పెట్టి, మైకు సర్ది, కదలొద్దని సైగ చేసి పొట్ట నొక్కాడు.

ఆ గోడలు చప్పుడంతా మింగేస్తాయి. అంత నిశ్శబ్దంలో, అంత గంభీరమైన మనిషి ఎదురుగా, బాతు వెనక నుంచి పెయ్‌చున్ నాయనమ్మ కిచకిచమంది. షూజిన్ పెదాలు బిగించింది. కొంగు లేదు కాబట్టి చొక్కా అంచు నోట్లో కుక్కుకుంది. నాయనమ్మ ఆ మధ్యలో ఆగే చోట ఆగింది. అంతే. షూజిన్ భళ్లుమంది.

ఫాంగ్ మీటరు చూసి, ఆవిణ్ణి చూసి, మళ్లీ నొక్కాడు. ఆవిడ మళ్లీ నవ్వింది. మూడోసారి పెయ్‌చున్ కూడా కలిసింది. ఫాంగ్ మీటరు తిప్పి చూపించాడు.

"పిన్నిగారూ, బాతు పాసవుతుందో లేదో ఇంకా తెలీదు. మీరు మాత్రం పరిమితి దాటేశారు. మీకైతే గుర్తు వెయ్యడం కుదరదు."

"వద్దు నాయనా! నేను ఎగుమతి సరుకు కాదు!" అంటూ కళ్లు తుడుచుకుంటూ పెయ్‌చున్‌ని లాక్కుని బయటికి నడిచింది. అద్దంలోంచి చూస్తే లోపల ఫాంగ్ ఒక్కడే ఉన్నాడు. నొక్కాడు, రాసుకున్నాడు. బాతుని తిప్పాడు, నొక్కాడు, రాసుకున్నాడు. భుజాలు కొంచెం అదిరాయని పెయ్‌చున్ ఇప్పటికీ ఒట్టేసి చెబుతుంది. షూజిన్ నమ్మదు.

నలభై నిమిషాలకి అతను తలుపు తెరిచాడు. "పాసు. అన్ని వైపులా."

ఇద్దరూ బస్టాపు దగ్గర నిలబడి, అతిమధురం నీళ్లలో ఊరిన జామకాయ ముక్కలు పుల్లతో గుచ్చుకు తింటూ యావోజిన్‌కి ఫోన్ చేశారు. అతను "ఏమైంది?" అన్నాడు. షూజిన్ "బాబూ—" అంది. అంతకుమించి మాట రాలేదు. జామకాయ అడ్డుపడి, నవ్వు ఎగదన్ని, గొంతులోంచి కుయ్యిమనే చప్పుడొక్కటే వచ్చింది.

"అక్కా, ఏడవకు! పరవాలేదు!" అవతల యావోజిన్ కంగారుపడిపోయాడు. "ఓడ పోతే పోనీ! హాలండ్ వాళ్ల కాళ్లు పట్టుకుంటా! నీ తప్పేం లేదక్కా, దూది మాట అన్నందుకు నన్ను తిట్టు, ఏడవకు మాత్రం!"

ఆ మాటలకి ఆవిడకి నవ్వు ఇంకా ఎక్కువైంది. పెయ్‌చున్ ఫోన్ అందుకుంది గాని, ఆ పిల్లకీ అదే అవస్థ. బస్సొకటి వచ్చి ఆగి, వెళ్లిపోయింది. చివరికి షూజిన్ జామకాయ మింగి, ఊపిరి పీల్చుకుని, "పాసు బాబూ, పాసు! పెన్ను తీసి పెట్టుకోండి, సంతకం మీదే!" అని అరిచింది. ఆ అరుపు ఎన్ని డెసిబెల్సో కొలిచేవాళ్లు అక్కడెవరూ లేరు.