ఏడు గంటల మెసేజ్

రయీస్‌ది కాశిబుగ్గ. హనుమకొండలో పన్నెండు మంది పనిచేసే ఒక చిన్న సాఫ్ట్‌వేర్ ఆఫీసులో ఆరేళ్లుగా ఉద్యోగం. ఎక్కడ ఏది ఆగిపోయినా అతన్నే పిలుస్తారు. ఈసారి మాత్రం పిలుపు ఆఫీసు నుంచి కాదు, నర్సంపేట నుంచి వచ్చింది. ఫోన్ చేసింది రమ. మూడు నెలల కింద బండి ప్రమాదంలో దెబ్బలు తగిలి ఆస్పత్రిలో చనిపోయిన మధు భార్య. మధు, రయీస్ పక్కపక్క సీట్ల వాళ్లు.

“అన్నా, ఆయన ఫోన్ రెండు రోజులసంది పొద్దున ఏడింటికి మోగుతలేదు. ఖరాబైందేమో, జర చూస్తవా?”

ఆ మోత ఏమిటో రయీస్‌కి తెలుసు. ఆఫీసు వాళ్లు రాసే కోడంతా నెట్‌లో ఒక సైటులో ఉంటుంది. రోజూ ఏడింటికి ఆ కోడ్‌కి దానంతటదే ఒక పరీక్ష జరిగి, ఫలితం అందరి ఫోన్లలో ఉండే చాట్ గ్రూపుకి వస్తుంది. ఆ టైము రాసిపెట్టింది మధు. అందుకే మెసేజ్ మొదట్లో అతని పేరే ఉంటుంది: ‘మధు: అన్ని పరీక్షలు పాస్.’ మనిషి పోయినా పేరు రావడం ఆగలేదు. రమ రోజూ ఆ పేరు చూసుకుని లేస్తోందని మాత్రం రయీస్‌కి ఆ రోజే తెలిసింది.

మెసేజ్ ఆగిందన్న సంగతి ఆఫీసులో ఒక్కరికీ తెలియదు. ఎలా తెలుస్తుంది! గ్రూపుని అందరూ మ్యూట్‌లో పెట్టుకున్నారు, రయీస్‌తో సహా. ఇంతమంది ఇంజనీర్లుండి, దాని కోసం చెవులు రిక్కించుకుని కూర్చున్నది కోడంటే ఏమిటో తెలియని ఒక్క మనిషి.

రయీస్ వెతికాడు. చాట్ గ్రూపుకి అనుమతులన్నీ సరిగ్గానే ఉన్నాయి. ట్రయల్‌కి ఒక మెసేజ్ పంపితే చక్కగా వచ్చింది. కోడ్ ఉన్న సైటు తెరిచాక అసలు సంగతి బయటపడింది. ఏడింటి పరీక్ష మొదలే కావడం లేదు. దాని టైము రాసిపెట్టిన మనిషి ఖాతా తీసేశారు కాబట్టి ఆపేశామని అక్కడ రాసి ఉంది. అప్పుడు రయీస్‌కి గుర్తొచ్చింది. పోయిన శుక్రవారం మేనేజర్ కిషన్ రావు ఆ సైటులో వాడని ఖాతాల లిస్టు అడిగితే, భోజనానికి లేచే తొందరలో రాసిచ్చింది తానే. అందులో మొదటి పేరు మధుది.

ఖాతా తిరిగి తెరవమని కిషన్ రావుని బతిమాలాడు.

“లేని మనిషికి ఖాతా ఎట్లిస్తం రయీస్?” అన్నాడాయన. ఆ మాటలో తప్పేమీ లేదు. చేసేది లేక రయీస్ ఆ టైమున్న లైను తానే మళ్లీ రాసి సేవ్ చేశాడు.

మర్నాడు ఏడూ ఐదుకి రమ ఫోన్ చేసింది.

“మోగిందన్నా. కానీ నీ పేరొచ్చింది.”

ఏదో ఒక అబద్ధం చెప్పి తప్పించుకుందామనుకున్నాడు. నోరు రాలేదు.

“చెల్లె, మధు పేరు తీసెయ్యమని రాసిచ్చింది నేనే. ఆలోచించకుంట రాసిన.”

రమ నెమ్మదిగా అంది: “దవాఖానల వెంటిలేటర్ తీసేస్తమంటే సంతకం పెట్టింది నేనే గదన్నా. నువ్వు ఫికర్ చెయ్యకు.”

రయీస్‌కి ఏడుపు ఆగలేదు. అవతల రమ ఫోన్ పెట్టెయ్యకుండా, అతను తేరుకునే దాకా ఆగింది.