టవర్ దీపానికి మూడు వేళ్ళ పైన

ఆ రోజుల్లో నేను నిజం చెప్పినా ఎవరూ నమ్మేవారు కాదు. (ఈ రోజుల్లోనూ అంతే అనుకోండి. కాకపోతే పనిగట్టుకుని నా దగ్గరికొచ్చి నమ్మకుండా పోయేవాళ్ళు తగ్గారు.) ఇందులో నా తప్పేమీ లేదని ముందే మనవి చేసుకుంటున్నాను. జరిగినదాన్ని జరిగినట్టే చెబితే ఇక చెప్పేవాడి శ్రమ ఏముంది? హాస్టల్ మెస్సులో సాంబారు గంగాళంలోకి ఉల్క పడిందనీ, దాని వేడి వృథా పోకూడదని వంటవాడు రెండో దఫా పప్పు కూడా అందులోనే ఉడికించాడనీ నేను చెప్పినప్పుడు, విన్నవాళ్ళంతా మారు అన్నం పెట్టించుకుని మరీ విన్నారు. కృతజ్ఞత చూపించాల్సింది పోయి నాకు ‘కోతల మిషను’ అని పేరు పెట్టారు. పెట్టుకోనీ. ఆ పేరుతోనే ఖగోళశాస్త్రంలో ఎమ్మెస్సీ రెండో ఏడాదికి వచ్చాను. ఆ పేరు వల్లనే నాకు దక్కిన ఒకే ఒక్క నక్షత్రం చేజారిపోబోయింది.

మా డిపార్ట్‌మెంటులో ఒక ఆచారం ఉండేది. ఏ నక్షత్రం మీద సెమినార్ చెప్పదలుచుకున్నామో, దాన్ని ముందుగా మా ప్రొఫెసర్ పెద్దసారుకి ఆకాశంలో వేలెత్తి చూపించాలి. దూరదర్శిని ఉండకూడదు, మ్యాపు ఉండకూడదు. ఉత్త కళ్ళు, ఉత్త వేలు. “పిల్లని చూడకుండా శుభలేఖలు అచ్చేయించకండర్రా” అనేవారాయన. ఆయనది గోదావరి వైపు ఊరు. మాట మెత్తగానే ఉండేది గానీ మార్కులు మాత్రం గట్టిగా ఉండేవి. చుక్క చూపించకపోతే సెమినార్ లేదు, సెమినార్ లేకపోతే ఆ ఏడాది పోయినట్టే. అందుకని తెలివైనవాళ్ళంతా క్యాంపస్ మెట్ల మీద కూర్చుని మెడ ఎత్తితే కనబడే చుక్కల్ని పంచేసుకున్నారు. నేను లేచి గాక్రక్స్ అన్నాను. దక్షిణాన నాలుగు చుక్కలు శిలువలా ఉంటాయే, మనవాళ్ళు త్రిశంకు అంటారు, అందులో పైనున్న ఎర్రటిది.

పెద్దసారు కళ్ళజోడు తీశారు. “ఏవిటయ్యా, దిగంతం దగ్గర పాకే చుక్కా? లెక్క ప్రకారం లేస్తుంది, కాదన్ను. కానీ ఈ చెట్లూ ఈ దుమ్మూ దాటి దాన్ని నేను ఇన్నేళ్ళలో ఎప్పుడూ చూళ్ళేదు. నువ్వు చూశావా?”

“చూశానండీ. తార్నాకలో, మా ఇంటిగలవాళ్ళ మేడ మీంచి.”

క్లాసు క్లాసంతా నవ్వింది. వెనక బెంచీలోంచి మా వారాసిగూడ వాడు (నా ప్రాణమిత్రుడు, మెస్సులో నా పక్క పళ్ళెం వాడిదే) అరిచాడు. “సాంబార్ల పడ్డది గదే గావొచ్చు సార్!”

అబద్ధం చెప్పినప్పుడు ఎవరైనా నవ్వితే అది నాకు కూలీ ముట్టినట్టు. నిజం చెప్పినప్పుడు నవ్వితే మాత్రం చెవులు కాలిపోయాయి. పెద్దసారుకి జాలేసినట్టుంది. “పోనీ స్వాతిని తీసుకోవయ్యా. అదీ ఆ ఎర్రజాతి చుక్కే, నెత్తి మీదే ఉంది” అన్నారు. అక్కర్లేదండీ అన్నాను. “శనివారం సాయంత్రం మీ మేడకే వస్తాను. చూపించావా, సెమినార్ చెప్పు. లేదా, వచ్చే ఏడాది మళ్ళీ చేరు.” రండి అన్నాను. ఆ ‘రండి’ అనడంలో ఎంత పొగరుందంటే, క్లాసులో ఫ్యాను కూడా ఒక్క క్షణం ఆగి చూసింది.

స్వాతి ఎందుకు వద్దన్నానో చెప్పాలి. గాక్రక్స్ సంగతి పుస్తకంలో మొదటిసారి చదివినప్పుడు నాకు వృత్తిపరమైన అసూయ కలిగింది. నడి గుండెలోని ఇంధనం అయిపోతే ఎవరైనా ముడుచుకుని మూల కూర్చుంటారు కదా, ఈ మహానుభావుడు ఉబ్బాడు. ఉబ్బి చల్లబడ్డాడు, చల్లబడి ఎర్రబడ్డాడు, అంత చల్లబడీ మన సూర్యుడికి వందల రెట్లు వెలుగుతున్నాడు. తీసుకొచ్చి సూర్యుడి చోట కూర్చోబెడితే బుధుడు తిరిగే దారి దాకా వచ్చేస్తాడు. పోనీ కుదురుగా ఉంటాడా అంటే, ఉండుండి ఒళ్ళు అదిరినట్టు వెలుగు కాస్త పెరుగుతుంది, కాస్త తరుగుతుంది. ఇంత కోత నా జన్మలో నేను కోయలేదు. పైగా ప్రతి అక్షరం నిజం! అలాంటివాడు మా మేడ మీంచి కనబడుతుంటే, నేను వేరే చుక్క ముఖం చూస్తానా?

ఇక మేడ సంగతి. తిండి హాస్టల్ మెస్సులోనే గానీ నా అద్దె గది తార్నాకలో, మా ఇంటిగలావిడది కడప. మేడ మీదికి బ్రహ్మచారులు ఎక్కకూడదన్నది ఆవిడ రాజ్యాంగంలో మొదటి అధికరణం. కరెంటు పోతే మాత్రం దానికి సడలింపు ఉండేది. రోహిణీ కార్తెలో ఫ్యాను లేని గదిలో మనిషిని ఉంచితే తెల్లారేసరికి అప్పడమవుతాడు గనక. ఆ వేసవిలో రోజూ చీకటి పడగానే కరెంటు పోయేది. వీధి వీధంతా మేడలెక్కేది, దీపాలన్నీ ఆరిన ఆ చీకట్లో దక్షిణాన నా ఎర్రచుక్క కనబడేది. అయితే పెద్దసారు వచ్చేరోజు కరెంటు పోతుందన్న నమ్మకమేమిటి? ముందే అనుమతి అడిగాను.

“మేడ మింద మొగపిల్లోళ్ళు తిరిగేది ల్యా అని చేరేటప్పుడే చెప్పినా గదా నాయనా.”

“ప్రొఫెసర్ గారొస్తున్నారండీ. చుక్క చూపించకపోతే నా ఏడాది పోతుందండీ.”

“చుక్కే గావల్లనా? సూర్యున్ని సూపియ్యరాదా, గదిలోనుంచే కనపడతాడు!” అంది ఆవిడ. అని, పెద్దసారంటే గౌరవంతో మజ్జిగకి పెరుగు తోడేయడానికి లోపలికి వెళ్ళింది. అది అనుమతే.

శనివారం చీకటి పడ్డాక పెద్దసారు, వారాసిగూడ వాడు, నా ఓటమిని కళ్ళారా చూడ్డానికి వచ్చిన మరి నలుగురు సహాధ్యాయులు మేడెక్కారు. తార్నాక అంతా దీపాలతో జిగేలుమంటోంది. దక్షిణం వైపు ఆకాశం కాచిన పాలమీగడలా ఉంది. నా వేలు గాల్లో లేచి, ఎక్కడ ఆగాలో తెలియక దిక్కులు చూసింది. “ఏదయ్యా?” అన్నారు పెద్దసారు. ఆ ముహూర్తానికి మా కరెంటు మాట నిలబెట్టుకుంది. ఠప్పుమని వీధులన్నీ ఆరిపోయాయి. అన్ని మేడల మీదా పిల్లలు ‘ఓ’ అని అరిచారు.

చీకట్లో దక్షిణాన కొట్టొచ్చినట్టు ఎర్రగా ఒక వెలుగు నిలబడి ఉంది. పెద్దసారు గొంతు మారిపోయింది. “అదిగో! అదేనయ్యా! దీపమైతే ఆరిపోయేది కదా. ఆరలేదంటే నక్షత్రమే. ఎంత నిబ్బరంగా ఉందీ! శభాష్ అబ్బాయ్, నిన్ను అనవసరంగా అనుమానించాను.” నా వీపు మీద ఒకటి తట్టారు. నవ్వడానికి వచ్చినవాళ్ళు కూడా మెడలు చాచి చూశారు.

అది రెండు వీధుల అవతల ఆ ఏడే లేచిన సెల్ టవరు కొసనున్న దీపం. పగలు చూసినవాళ్ళకి టవరు తెలుస్తుంది, చీకట్లో దీపం ఒక్కటే తెలుస్తుంది. బ్యాటరీ ఉంది గనక కరెంటు పోయినా అది వెలుగుతుంది. నా నక్షత్రం దానికి మూడు వేళ్ళ పైన, దానంత ఆర్భాటం లేకుండా, సన్నగా వణుకుతూ ఉంది. నేను నోరు మూసుకుంటే చాలు, ఏడాది దక్కుతుంది, పరువు దక్కుతుంది. నోరు మూసుకోవడం కంటే తేలికైన అబద్ధం లోకంలో లేదు. అంతటి నిపుణుణ్ణి, నాకు అది చేతకాలేదు.

“అది కాదండీ” అన్నాను.

“ఏది కాదు?”

“మీరు చూసింది టవర్ దీపమండీ. నక్షత్రం దాని పైనుంది.”

వారాసిగూడ వాడు నా మోచెయ్యి గిల్లాడు. “అరే, ఊకో రా బై! సార్ అన్నడు గదా. పాసైనవ్. ఇంకేం గావాలె నీకు?”

“చుక్క గావాలె” అన్నాను వాడి భాషలోనే.

పెద్దసారు గొంతు మళ్ళీ మెత్తబడింది. అది ప్రమాదకరమైన మెత్తన. “నాకు దీపానికీ నక్షత్రానికీ తేడా తెలీదంటావు. అంతేనా?”

“ఈ మేడ మీద నాకు తెలుసంటానండీ. కూర్చోండి. మజ్జిగ వస్తోంది. మీ దీపం ఉన్నచోటే ఉంటుంది. నాది పడమటికి నడుస్తుంది. నడవకపోతే వచ్చే ఏడాది మళ్ళీ చేరతాను.”

ఆయన కూర్చున్నారు. ఇంటిగలావిడ మజ్జిగ గ్లాసులు తెచ్చి, సంగతి విని, “మావాడు అబద్దాలు చెప్తాడు గానీ సార్, అవి శానా బాగుంటాయి. ఇది అంత బాగలేదు. నిజమే అయ్యుంటాది” అని నా తరఫున సాక్ష్యం చెప్పి పోయింది. అందరం దక్షిణం వైపు తిరిగి కూర్చున్నాం. కరెంటు ఏ క్షణాన వస్తుందోనని నేను, మేఘం వస్తే బాగుండునని మిగతావాళ్ళు. మొదట్లో ఏమీ కదలలేదు. వారాసిగూడ వాడు రెండో గ్లాసు పూర్తిచేసి మూడోదానికి కిందికి కేకేశాడు. అప్పుడు పెద్దసారు చెయ్యి చాచి, ఒక కన్ను మూసి, దీపం మీద బొటనవేలు పెట్టి, పైన చుక్క ఎక్కడుందో చూశారు. కాసేపాగి మళ్ళీ చూశారు. ఇంకాసేపాగి మళ్ళీ. మూడోసారి చెయ్యి దించలేదు. దీపానికి నెత్తి మీదున్న ఎర్రచుక్క కుడి భుజం దాటి అవతలికి వెళ్ళిపోయింది.

చెయ్యి దించి కళ్ళజోడు తుడుచుకున్నారాయన. తరవాత, “దాని కింద తెల్లగా ఉన్నవి మిగతా మూడూనా?” అని చిన్నపిల్లాడిలా అడిగారు. అవునండీ అని ఒక్కొక్కటే చూపించాను. మెట్లు దిగుతూ ఆగి, “సోమవారం సెమినార్. ఒక్క కోత వినబడిందో, చంపేస్తాను” అన్నారు.

సెమినార్లో పుస్తకంలో ఉన్నది తప్ప ఒక్క ముక్క ఎక్కువ చెప్పలేదు. బుధుడి దారి దాకా వస్తుందనగానే హాలంతా గొల్లుమంది. చల్లబడి వెలుగుతుందంటే బల్లలు చరిచారు. ఒళ్ళు అదురుతుందన్నప్పుడు ఎవరో ‘వన్స్ మోర్’ అన్నారు. నేను ఆపలేదు. ఒక్కొక్క నిజాన్నీ బల్ల గుద్ది మరీ చెప్పాను. ముందు వరసలో పెద్దసారు ఒక్కరే నవ్వకుండా కూర్చున్నారు.

ఇప్పుడు తార్నాకలోనే ఒక అపార్ట్‌మెంటులో ఉంటున్నాను. నేనూ నడి వయసులో ఉబ్బాను, కాస్త చల్లబడ్డాను, మెట్లెక్కితే ఎర్రబడుతున్నాను. రోహిణీ కార్తెలో టెర్రస్ ఎక్కి చూపిస్తే, కింది ఫ్లాటు కుర్రాడు “అంకుల్, అది డ్రోన్ లైట్ కావచ్చు” అంటాడు. కాదురా, ఆ వెలుగు ఇక్కడికి రావడానికి ఎనభై ఎనిమిదేళ్ళు పడుతుంది, అది అక్కణ్ణుంచి బయల్దేరేనాటికి నేను పుట్టనే లేదు అంటే, “సరే అంకుల్” అంటాడు, మా క్లాసు నవ్విన నవ్వే నవ్వి. నవ్వుకోనీ. లెక్క నా వైపుంది. ఆ శనివారం మా మేడ మీంచి బయల్దేరిన వెలుతురు కూడా ఇంకా దారిలోనే ఉంది. అక్కడ ఎవరైనా ఉండి ఇటు చూస్తుంటే, వాళ్ళకి నేనింకా పుట్టలేదు. ఏదో ఒకనాడు కనబడతాను. బక్కగా, నెత్తి నిండా జుట్టుతో, పెద్దసారుకి ఎదురుగా నిలబడి వాళ్ళ వైపే వేలు చూపిస్తూ. అప్పటికి ఇక్కడ నేనుండను. వాళ్ళకి కనబడే ఆ బక్క కుర్రాడు మాత్రం ఎవరేమన్నా వేలు దించడు.